నలభయ్యో పేజీ తర్వాత

2024 వేసవి. అమెరికాలో, ఎడిసన్‌లో మా ప్రింటింగ్ షాపు. తొమ్మిదో తరగతిలో బడి మానేసినవాణ్ణి. ఊళ్లో థీసిస్‌లన్నీ నా చేతి మీదుగానే పోతాయి కాబట్టి చదవకుండానే పండితుణ్ణయ్యానని కోతలు కోసేవాణ్ణి.

సింధూర ఖమ్మం అమ్మాయి, ఇక్కడ హిస్టరీలో మాస్టర్స్ చేస్తోంది. లైబ్రరీలో మనవాళ్ల సభలో మాట్లాడి పంచడానికి తెలుగులో చిన్న పుస్తకం రాసింది. వంద కాపీలు, స్పైరల్ బైండింగ్, అంటే ప్లాస్టిక్ తీగ చుట్టేది. అందులో విషయం నాలుగు వందల ఏళ్ల కిందట యూరప్ పండితులు పడ్డ తగువు. దుర్మార్గుడైన రాజును చంపవచ్చా? దేవుడు పెట్టినవాణ్ణి దేవుడే అడగాలని కొందరు, ప్రజలకిచ్చిన మాట తప్పినవాడు రాజే కాదని కొందరు. మూడో అధ్యాయం పేరు ‘చంపే హక్కు ఎవరిది?’

నా నోరు ఊరుకుంటుందా? ఆ పేజీ ఫోటో తీసి, ‘రాజులను లేపేయాలంటే మమ్మల్ని సంప్రదించండి, బైండింగ్ ఫ్రీ’ అని వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పేజీ అడుగున ఆమె పేరుంది. సాయంత్రానికి ఫోటో నాలుగు గ్రూపులు తిరిగింది. నా జోకు ఊడిపోయి, ‘వీసా మీద వచ్చి ఇవేం రాతలు?’ అన్న మాట తగులుకుంది.

మర్నాడు ఆమె వచ్చేసరికి పుస్తకాలు సిద్ధంగా ఉన్నాయి. ఆ ఫోటో ఆమె దాకా చేరింది. సరదాకి పెట్టానన్నాను.

“మీకు సిటిజన్‌షిప్ ఉంది అంకుల్, సరదా చేస్కోవచ్చు. నాది ఎఫ్-వన్, స్టూడెంట్ వీసా. ఎవరన్న కంప్లయింట్ చేస్తే నేనేం చెప్పాలె?”

చంపమని తాను రాయలేదట. ఎవడికి వాడు తీర్పు చెప్పేసుకోకూడదన్న వాదనే సరైనదని రాసిందట. నేను చదివింది అధ్యాయం పేరు ఒక్కటే.

“మూడో చాప్టర్ తీసేయండి,” అంది.

తీగ కత్తిరించి, ఒక్కో పుస్తకంలోంచి పది కాగితాలు లాగాను. ఆమె ఎదురుగా కూర్చుని కొత్త తీగ ఎక్కించింది. వంద పుస్తకాలూ అయ్యేదాకా నాకు ఒక్క జోకూ రాలేదు. నలభై తర్వాత అరవై ఒకటో పేజీ వస్తోంది, నంబర్లు సరిచేసి మళ్లీ కొడతానన్నాను.

“వద్దంకుల్. తీసేసిన్రని తెలవాలె.”

సభ అయ్యాక ఒక పెద్దాయన పుస్తకం పట్టుకొచ్చాడు. “ఏమయ్యా, ఇరవై పేజీలు మింగేశావు?”

నా తప్పేనన్నాను. మెషిన్ పాతబడిందేమో చూసుకోమని సలహా ఇచ్చి వెళ్లాడు.

అచ్చు వేసేవాడికి కాగితం, సిరా తెలిస్తే చాలనుకునేవాణ్ణి. కాగితం మీదున్న మనిషికి ఏం పోతుందో కూడా తెలియాలి. నిరంకుశుడంటే కిరీటం, సైన్యం ఉన్నవాడనుకున్నాను. ఆ ఇరవై పేజీలు తీయించడానికి నా ఫోను సరిపోయింది.