పాపాఘ్ని వెంట సైకిల్ యాత్ర

ఫ్రెంచివాళ్లు పుదుచ్చేరి వదిలిపెట్టి పోయిన మరుసటేడు మా భూగోళం అయ్యవారికి ఒక పుస్తకం దొరికింది. ఆయన బావమరిది అక్కడ ఏదో కచేరీలో గుమాస్తా. దొరలు సామాన్లు సర్దుకుంటూ అక్కరలేనివన్నీ వరండాలో పారేస్తే, వాటిలోంచి బొమ్మలు బాగున్న పుస్తకం ఒకటి ఏరి, అక్కను చూడటానికి వేంపల్లెకు వచ్చినప్పుడు తెచ్చి బావ చేతిలో పెట్టాడు.

పుస్తకం ఫ్రెంచిలో ఉంది. మా ఊళ్లో ఆ భాష వచ్చినవాళ్లు ఎవరూ లేరు, అయ్యవారితో సహా. అయినా ఆయనకు అదేమీ అడ్డం కాలేదు. బొమ్మలుండగా మాటలతో పనేమిటన్నాడు. ఆ బొమ్మల్లో పచ్చటి కొండల మధ్య ఒక నది, నది పక్కనే నున్నటి దారి, ఆ దారిలో సైకిళ్ల మీద నవ్వుకుంటూ పోయే ఆడవాళ్లూ మగవాళ్లూ. మధ్యలో ఒక పాతకోట. ఒకచోట ద్రాక్షపందిరి, పందిరి కింద బల్ల, బల్ల మీద రొట్టె, ఒక సీసా. ఆఖరి బొమ్మలో ఆ నది పోయి ఇంకో పెద్ద నదిలో కలుస్తుంది.

అయ్యవారు ఆ పుస్తకాన్ని బడికి తెచ్చి నాకు చూపించి, "ఏరు మనకూ ఉండాది, సైకిళ్లు మనకూ ఉండాయి. లేనిదల్లా బుద్ధే" అన్నాడు.

నేనప్పుడు అదే బడిలో చిన్న తరగతులకు తెలుగు చెప్పేవాణ్ణి. ఉద్యోగం కొత్త. పెళ్లి కాలేదు గనక ఎవరు ఎక్కడికి రమ్మన్నా తీరికే. మూడో మనిషి బజారువీధిలో బట్టలంగడి శెట్టి. ఆయన దగ్గర కొత్త సైకిలుండేది. పొద్దున్నే దాన్ని కొబ్బరినూనె గుడ్డతో తుడిచి అంగడి ముందు నిలబెట్టడం, సాయంత్రం లోపల పెట్టి తాళం వేయడం తప్ప దానితో ఆయనకు వేరే వ్యవహారం లేదు. ఫ్రాన్సులో పెద్దమనుషులు కూడా సైకిలు తొక్కుతారని బొమ్మలో చూశాక ఆయనకూ ఉత్సాహం పుట్టింది. నాది మాత్రం బాడుగ సైకిలు.

అయ్యవారు పెద్ద కాగితం మీద పటం గీశాడు. గండి దగ్గర కొండను చీల్చుకొని వచ్చే పాపాఘ్నిని నీలంరంగుతో దించి, కమలాపురం అవతల పెన్నలో కలిపాడు. ఏటికి పడమటి గట్టున మేము పోవలసిన దారిని ఎర్ర పెన్సిలుతో గీశాడు. కోట బొమ్మకు బదులుగా ఒక పాడుబడ్డ బురుజు దొరికింది. ద్రాక్షపందిరి దగ్గర కొంచెం ఆలోచించాడు. మా జిల్లాలో మద్యనిషేధం. సీసా ఉండవలసినచోట "మజ్జిగ" అని రాసుకున్నాడు.

శెనక్కాయ కోతలు ముగిసి చలి మొదలైన రోజుల్లో, బడికి సెలవులిచ్చాక బయలుదేరాం. గండిలో ఆంజనేయస్వామికి టెంకాయ కొట్టాం. అక్కడ మడుగులో కాసిని నీళ్లున్నాయి. అయ్యవారు వాటిని చూసి, పుస్తకం తెరిచి బొమ్మ చూసి, మళ్లీ నీళ్లను చూసి, ఫరవాలేదన్నాడు. ఆ యాత్రలో మేము చూసిన ఏటినీళ్లు అవే.

అక్కణ్ణించి దారి పటంలో ఉన్నంత తిన్నగా నేల మీద లేదు. నిజానికి నేల మీద దారే లేదు. బండిచాళ్లు కొంతదూరం మావెంట వచ్చి ఏదో చేనిలోకి మళ్లిపోయేవి. తరువాత తుమ్మముండ్లు, అవి లేనిచోట పల్లేరుగాయలు, రెండూ లేనిచోట చీలమండ దాకా ఇసుక. శెట్టి సైకిలు తన జన్మలో మొదటిసారి బజారువీధి దాటినందుకు పంచరైంది. అతికించాం. మళ్లీ అయింది. మూడు సైకిళ్ల సంగతీ అంతే అయ్యేసరికి అతికించడం మానుకొని నెట్టుకుంటూ నడిచాం. ఇసుక లోతైనచోట భుజానికెత్తుకున్నాం. ఫ్రాన్సులో మనుషులు సైకిళ్ల మీద పోతే మా దగ్గర సైకిళ్లే మనుషుల మీద పోయాయి.

ఏటి నడుమ ఒక ముసలమ్మ చెలమ తోడుకొని, ఊరే నీళ్లను చిప్పతో ఎత్తి కడవలో పోస్తూ కనబడింది. మమ్మల్నీ, మా సైకిళ్లనూ చూసి చిప్ప పక్కన పెట్టింది. తరువాత, ఏం పోగొట్టుకున్నారని అడిగింది. అయ్యవారు ఏమీ పోగొట్టుకోలేదని, ఏరు చూడటానికి వచ్చామని చెప్పాడు.

"ఏట్లో ఏముండాది నాయనా చూడనీకి, నీళ్లే లేకపోతే" అంది ముసలమ్మ.

అయ్యవారు దూరదేశాల్లో జనం ఇట్లాగే నదుల వెంట సైకిళ్ల మీద తిరుగుతారనీ, అది ఆరోగ్యమనీ, ఆనందమనీ వివరించాడు. ఆమె శ్రద్ధగానే విన్నది. మా కాళ్లకు గుచ్చుకున్న పల్లేరుగాయలను చూసింది. మీ ఇండ్లల్లో ఆడవాళ్లు ఏమీ అనరా అని అడిగి, మాకు దోసిళ్లలో నీళ్లు పోసి, కడవ నెత్తిన పెట్టుకొని పోయింది. పోతూ ఊళ్లో ఏమని చెప్పిందో తెలియదు. మేము ఆ పల్లె చేరేసరికి మాత్రం రచ్చకట్ట దగ్గర జనం ఎదురుచూస్తున్నారు.

మజ్జిగ ఇచ్చారు. పటంలో రాసుకున్నది రాసుకున్నట్టు జరిగిందని అయ్యవారు సంబరపడి, పటం తీసి కట్ట మీద పరిచాడు. అక్కడే వచ్చింది చిక్కు. జనం వంగి చూశారు. నీలంగీత ఏరని అందరికీ తెలిసింది. దాని పక్కనే, దానితోపాటు వంపులు తిరుగుతూ ఒక ఎర్రగీత. తెల్లచొక్కాలు తొడుక్కొని, ఏటి వెంట నడుచుకుంటూ వచ్చిన ముగ్గురు మనుషులు. ఆ రోజుల్లో ఎక్కడ చూసినా ఆనకట్టల మాటే. తుంగభద్ర నీళ్లు ఎవరికో వచ్చాయట, మనకెప్పుడని ప్రతి పల్లెలోనూ అడుగుతున్నారు. ఇంక వాళ్లకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. ఎర్రగీత కాలువ.

పైవీధిలో ఉండే పెద్దాసామి ముందుకొచ్చాడు. అతని పొలాలన్నీ పడమటి గట్టునే. అయ్యవారు, మేము బడిపంతుళ్లమనీ ఊరికే తిరగడానికి వచ్చామనీ చెప్పాడు. ఆసామి చిరునవ్వు నవ్వి, "అట్లనే అనాలప్పా. సర్కారు పని బయట సెప్తే ఎట్ల" అన్నాడు. మేము ఎంత కాదంటే వాళ్లకు అంత గట్టిపడింది. నిజంగా పంతుళ్లయితే సైకిళ్లు భుజాన వేసుకొని ఎండలో ఎందుకు తిరుగుతారని ఒకడు అడిగాడు.

శెట్టిని విడిగా అడిగారు. ఆయనకు అంగడిలో ఎవరూ ఇంత మర్యాద చేసి ఎరగరు. అవుననలేదు, కాదనలేదు. "పెద్దవాళ్లుండగా నేనేం సెప్పేది" అని అయ్యవారి వైపు చూపించాడు. అంతటితో అయ్యవారు పెద్ద ఇంజనీరయ్యాడు.

పైవీధి ఆసామి ఇంట్లో సంగటి, కోడికూర, నెయ్యి. శెట్టి మాంసం ముట్టడు గనక ఆయనకు పాలు, ఓళిగలు. మేము చేతులు కడుక్కుంటుండగానే కిందివీధి ఆసామి మనిషి వచ్చాడు. ఆ రెండిండ్లకూ తాతల నాటినుంచి మాటల్లేవట. కిందివీధి ఆసామి పొలాలు తూర్పుగట్టున ఉన్నాయి. ఆయన ఇంటికి పోయి తినకపోతే, మేము పైవీధి పక్షమని అర్థం. పోయి కూర్చున్నాం. మళ్లీ అదే సంగటి, కోడి బదులు పొట్టేలు.

కిందివీధి ఆసామి వడ్డిస్తూ, గీత పడమటివైపే ఎందుకు పోయిందని నెమ్మదిగా అడిగాడు. అయ్యవారికి అబద్ధం చేతకాదు. ఆ గట్టు కొంచెం ఎత్తు, అక్కణ్ణించి చూస్తే లోయ అందంగా కనిపిస్తుంది అన్నాడు. ఆసామి "ఎత్తు" అన్న మాటే విన్నాడు. నీళ్లు ఎత్తునుంచి పల్లానికి పారతాయి. అది పైవీధివాళ్ల ఎత్తుగడేనని ఆయనకు రూఢి అయింది.

మేము బయటికి వచ్చేసరికి వీధిలో రెండువైపులా మనుషులు నిలబడి ఉన్నారు. కొందరి చేతుల్లో కట్టెలున్నాయి. శెట్టి సైకిలు పట్టుకొని నిలబడ్డాడు గానీ అది ఎక్కినా పోయేది కాదు. అప్పుడు అయ్యవారు పటం మళ్లీ తీసి ఆ ఇంటి అరుగు మీద పరిచి, జేబులోంచి ఎర్ర పెన్సిలు తీసి, తూర్పుగట్టున ఇంకో గీత గీశాడు. గీస్తున్నంతసేపూ ఆయన చూపు పటం మీద లేదు, కట్టెల మీదే ఉంది. అందుకే ఆ గీత మొదటిదానికన్నా ఎక్కువ వంపులు తిరిగి, కిందివీధివాళ్ల పొలాల్లో మరికాస్త లోపలికి పోయింది.

వీధి మొత్తం ఊపిరి పీల్చుకుంది. నీళ్లులేని ఏటికి ఇద్దరూ చెరో కాలువా తెచ్చుకున్నారు. నేను తరువాత జీవితంలో ఎన్నో ప్రణాళికల గురించి చదివాను గానీ, కళ్లముందు అంత త్వరగా మంజూరైంది మాత్రం అదొక్కటే.

మా సైకిళ్లను ఎడ్లబండిలో వేసి, మమ్మల్నీ ఎక్కించి సంగమం దాకా పంపారు. బండి పైవీధివాళ్లది, ఎద్దులు కిందివీధివాళ్లవి. అట్లా మా సైకిల్ యాత్ర ముగిసింది. పాపాఘ్ని పెన్నలో కలిసేచోట ఇసుక ఇసుకలో కలుస్తోంది. శెట్టి బండి దిగలేదు. అయ్యవారు చెప్పులు విడిచి, ఏటి నడుమకు నడిచిపోయి చాలాసేపు నిలబడ్డాడు. నేను దగ్గరికి పోతే, "నీళ్లు కింద ఉండాయబ్బా. పైకి కనపడవు, అంతే" అన్నాడు. ఆయన్ను ఎగతాళి చేయాలని దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలు నాకు ఒక్కటీ నోటికి రాలేదు.

సెలవులు ముగిశాక వచ్చిన మొదటి సంతకు పైవీధి ఆసామి వేంపల్లె వచ్చి, బడి కిటికీలోంచి అయ్యవారిని చూశాడు. నల్లబల్ల ముందు సుద్దముక్కతో ఆఫ్రికా గీస్తున్నాడాయన. గొడవ జరుగుతుందనుకున్నాం. ఆసామి లోపలికి వచ్చి నమస్కారం చేసి, ఎవరికీ అనుమానం రాకుండా సర్కారు ఇంత పెద్ద మనిషిని బళ్లో కూర్చోబెట్టిందని మెచ్చుకొని పోయాడు. కాలువ కబురు కోసం ఆ పల్లెవాళ్లు శెట్టి అంగడికి రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లు ఊరికే పోలేక గుడ్డ కొనేవారు. శెట్టి ఆ కబురును చివరిదాకా ఖండించలేదు.

నిజమైన సర్వే అధికారి జీపులో ఆ పల్లెకు వచ్చింది మరుసటి ఎండాకాలంలో. ఊరివాళ్లు ఆయనకు మజ్జిగ కూడా ఇవ్వలేదట. పెద్ద ఇంజనీర్లు ఎప్పుడో నడిచొచ్చి రెండు కాలువలూ ఖాయం చేశారనీ, జీపుల్లో తిరిగే చిన్నవాళ్లతో తమకు పనిలేదనీ చెప్పి పంపేశారు. ఆయన కోపంతో వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

కాలువలు ఆలస్యమవుతున్నాయని ఇద్దరాసాములూ ఎవరికివారే కర్నూలుకు పోవాలని తీర్మానించారు. అప్పుడది రాజధాని. సగం కచేరీలు గుడారాల్లో నడుస్తుండేవి. ఒకడు పోతే రెండోవాడి గీత చెరిపించి వస్తాడని భయం గనక ఇద్దరూ పోయారు. అయ్యవారు రానని ఎంత బతిమాలినా వినక ఆయన్ను వెంటబెట్టుకుపోయారు. గుడారంలో ఒక గుమాస్తా అర్జీ తీసుకొని తరువాత రమ్మన్నాడు. తరువాత రాజధానే హైదరాబాదుకు తరలిపోయింది. గుడారంతోపాటు అర్జీ కూడా చుట్టుకొనే పోయి ఉండాలి.

అయితే తిరుగుబస్సులో జరిగింది అయ్యవారు నాకు పదేపదే చెప్పేవాడు. నంద్యాల దాకా ఇద్దరూ చెరో కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారట. నంద్యాల దాటాక కిందివీధి ఆసామి, ఏరు పారినప్పుడు మొదట ఎవరి కాలువకు నీళ్లు వదలాలో తేల్చుకోవాలన్నాడు. పైవీధి ఆసామి జవాబిచ్చాడు. తాతల నాటినుంచి ఆ రెండిండ్ల మధ్య అదే మొదటి మాట. కడప చేరేదాకా వంతుల గురించి గట్టిగా వాదించుకున్నారట. దిగేటప్పుడు కూడా తెగకపోతే, మిగిలింది రేపు మాట్లాడుకుందామని ఒకరికొకరు చెప్పుకొని దిగారట.