కమీషన్ మీద పెట్టిన గిటారు

రెండో లాక్‌డౌన్ ఎత్తేసిన ఏడాది, వర్షాకాలంలో, నన్ను కొత్త వాయిద్యాల కౌంటర్ నుంచి సెకండ్‌హ్యాండ్ సెక్షన్‌ ఇన్‌చార్జిగా మార్చారు. విజయవాడ గవర్నర్‌పేటలో మా దుకాణం అది. సెకండ్‌హ్యాండ్ సెక్షన్ పై అంతస్తులో, గోడౌన్ పక్కన ఉండేది. దాన్ని ప్రమోషన్ అన్నారు గానీ జీతం పెంచలేదు. అయినా నేను సంతోషంగానే మెట్లెక్కాను. మా నాన్న భవానీపురంలో హార్మోనియాలు బాగుచేసేవారు. చిన్నప్పటి నుంచీ నాకు కొత్త వార్నిష్ వాసన కంటే పాత చెక్క వాసనే ఇష్టం.

ఆ సెక్షన్లో నా పని వెలకట్టడం. గిటారు చేతికి రాగానే ఒక కన్ను మూసి మెడ మీదుగా చూస్తాం, వంపు ఉందేమోనని. కృష్ణా నది పక్కన ఊరు కదా, గాలిలో తేమ ఎక్కువ. ఆ తేమకి బ్రిడ్జి, అంటే తీగల్ని కింద పట్టి ఉంచే చెక్క, మెల్లగా పైకి లేస్తుంది. దాని కింద పల్చటి కాగితం దూరిందంటే ధర తగ్గిపోయినట్టే. తర్వాత ఫ్రెట్లు, అంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీలు, ఎంత అరిగాయో వేలితో తడిమి చూస్తాం. అన్నీ అయ్యాక అమ్మేవారి చేతే ఒకసారి వాయింపిస్తాం. దొంగ సరుకు రాకుండా మా ఓనరుగారు పెట్టిన రూలు అది. తన గిటారు వాయించే మనిషిని చూడగానే తెలిసిపోతుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఎప్పుడూ వమ్ము కాలేదు.

సరుకు తీసుకోవడానికి రెండు పద్ధతులు ఉండేవి. అక్కడికక్కడే డబ్బిచ్చి కొనేయడం ఒకటి. మా దగ్గర ఉంచుకుని, అమ్ముడయ్యాక మా వాటా పట్టుకుని మిగతాది ఇవ్వడం రెండోది. దాన్నే కమీషన్ మీద పెట్టడం అనేవాళ్లం. ఆ ఏడాది పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలు వరసగా మూతపడ్డాయి. ఉన్న కాస్త పెళ్లిళ్లూ డీజే వాళ్లు పట్టుకుపోయారు. వచ్చిన ప్రతివాడూ అమ్మడానికే వచ్చేవాడు. దుకాణానికీ చేతిలో డబ్బు ఆడటం లేదు కాబట్టి, అంతా కమీషన్ మీదే పెట్టమని ఓనరుగారు చెప్పేశారు.

అప్పుడు వచ్చాడు ప్రసాద్. కంకిపాడు మనిషి. ఓ ఆర్కెస్ట్రాలో లీడ్ గిటారు వాయించేవాడు. ఎలక్ట్రిక్ గిటారు, యాంప్లిఫయరు అప్పటికే వేరేచోట అమ్మేశాడు. మిగిలింది ఒక చెక్క గిటారు, ప్రోగ్రాములకు తీసుకెళ్లకుండా ఇంట్లో తనకోసం వాయించుకునేది. భార్య సుజాత కంకిపాడు సెంటర్లో టిఫిన్ బండి పెట్టాలనుకుంటోంది. బండి తయారవుతోంది. చోటు ఇస్తానన్నాయన దసరా దాకానే ఆగుతానన్నాడు. గిటారు అమ్మితే బండి వస్తుంది, లేకపోతే చోటు పోతుంది. ఇవన్నీ నేను అడగకుండానే చెప్పాడు.

రూలు ప్రకారం వాయించమన్నాను. వాయించాడు. ఆ పై అంతస్తులో అంతకుముందు ఎవరూ అలా వాయించలేదు. కింద కౌంటర్లో బేరం చేస్తున్నవాళ్లు మెట్లెక్కి వచ్చి నిలబడ్డారు. నిజం చెప్పాలంటే, నాకు ధర చెప్పడానికి నోరు రాలేదు.

కమీషన్ మీద పెట్టాం. వాన రోజుల్లో వాయించకుండా వదిలేస్తే చెక్క గిటారు గొంతు మూగబోతుందని మా వృత్తిలో అందరూ అంటారు. అందుకని మంగళవారాలు వచ్చి కాసేపు వాయించి వెళ్లమన్నాను. మంగళవారం మాకు బేరాలు తక్కువ. ఆ రోజు కొత్తగా ఏదీ కొనకూడదని చాలామంది పట్టింపు. కాబట్టి అడ్డం ఎవరూ ఉండరు. ప్రసాద్ మంగళవారాలు వచ్చాడు. తర్వాత శనివారాలు కూడా రావడం మొదలుపెట్టాడు. నేను వద్దనలేదు. ఆ రోజుల కోసం నేనే ఎదురుచూసేవాణ్ణి.

చిక్కు అక్కడే వచ్చింది. కొనేవాళ్లు వచ్చేది శనివారమే. సొంతదారు ఎదురుగా ఉంటే చూపించే పని సహజంగా అతని మీదే పడుతుంది. చర్చి గాయక బృందం వాళ్లు వస్తే, వానాకాలం శ్రుతి నిలవదండీ అన్నాడు. ఓ కాలేజీ కుర్రాడు వస్తే, ఐదో ఫ్రెట్ దగ్గర కాస్త బరబరమంటుంది చూసుకో బాబూ అన్నాడు. అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. పాత గిటార్లన్నిటికీ ఉండే జబ్బులే అవి. కానీ ప్రపంచంలో ఏ అమ్మేవాడూ తన సరుకుకి అంత కీడు చేసుకోడు. అందరూ వెళ్లిపోయాక మళ్లీ ఒళ్లో పెట్టుకుని ఎంతో బాగా వాయించేవాడు.

దసరాకి ముందు శనివారం సుజాత వచ్చింది. ప్రసాద్ ఆ మూల కిటికీ దగ్గర గిటారుతో కూర్చుని ఉన్నాడు, ఆమెను చూడలేదు.

"ఎవరూ అడగట్లేదాండీ?" అంది నాతో మెల్లగా.

అడుగుతున్నారమ్మా, కుదరట్లేదు అన్నాను.

"ఆయనే కుదరనివ్వట్లేదు కదండీ. శనివారం ఇంటికొస్తే వేళ్లకి తీగల వాసనొస్తది. అన్నం తినేముందు కూడా చెయ్యి కడుక్కోడానికి మనసొప్పదు ఆయనకి." కోపంగా అనలేదు. నేను తల దించుకున్నాను.

ఆ మాటల మధ్యలోనే పామర్రు నుంచి ఒక లెక్చరరుగారు, ఆయన కూతురు వచ్చారు. అమ్మాయికి గిటారు కావాలి. కొత్తది కొనే స్తోమత ఇప్పుడు లేదని ఆయన ముందే చెప్పేశారు. ఇదెలా ఉంటుందో వినిపించమన్నారు. ప్రసాద్ లేచి నిలబడి, "ఇది కొంచెం..." అంటూ తలెత్తాడు. ఎదురుగా సుజాత ఉంది.

"నేనూ విని చాన్నాళ్లయింది. వాయించండి," అందామె.

ప్రసాద్ కూర్చున్నాడు. మొదటిరోజు వాయించినట్టే వాయించాడు, ఇంకా బాగా వాయించాడేమో కూడా. అయ్యాక లెక్చరరుగారు బేరం ఆడలేదు. నేను బిల్లు రాస్తుంటే ప్రసాద్ ఆ అమ్మాయితో, "తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటే మార్చమ్మా. అన్నీ ఒకేసారి తీసేస్తే మెడకి బిగువు పోద్ది," అన్నాడు. ఆమె సరేనంది. వాళ్లు మెట్లు దిగిపోయేదాకా ప్రసాద్ చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి, గిటారు ఇంకా అక్కడే ఉన్నట్టు.

ఆ తర్వాత ఓనరుగారితో మాట్లాడి రెండు మార్పులు చేయించాను. తప్పనిసరై అమ్మేవాళ్ల సరుకు కమీషన్ మీద పెట్టకుండా, ఎంత కష్టమైనా అక్కడికక్కడే కొనేయాలి. సొంతదారు చేత సరుకు చూపించకూడదు. రెండూ సరైన రూళ్లేనని ఇప్పటికీ నా అభిప్రాయం.

తర్వాత ఓ పొద్దున కంకిపాడు మీదుగా వెళ్తూ ఆ బండి దగ్గర ఆగాను. సుజాత ఇడ్లీలు తీస్తోంది, ప్రసాద్ పెనం మీద దోసెలు పోస్తున్నాడు. గిరాకీ బాగానే ఉంది. అతను ఎడమచేతి వేళ్లు చాచి చూపించాడు. తీగలు నొక్కి కాయలు కాసిన వేళ్లు మెత్తబడిపోయాయి. కొత్త రూళ్ల సంగతి చెప్పాను.

"మంచి పని చేశారు కరీం గారూ," అన్నాడు దోసె తిరగేస్తూ. "ఎవరికైనా అదే మంచిది. కానీ ఆ రూళ్లు అప్పుడే ఉండుంటే, నాకు ఆ మంగళవారాలు కూడా మిగిలేవి కాదండీ."

రిటైరయ్యేదాకా ఆ రూళ్లు నేను మార్చలేదు. ఒక్కటి మాత్రం కలిపాను. వెలకట్టేముందు అమ్మేవారు గిటారు వాయిస్తారు కదా, అది ఎంతసేపైనా సరే, వాళ్లంతట వాళ్లు ఆపేదాకా ఎవరూ ఆపమనకూడదని సెక్షన్లో అందరికీ చెప్పాను.