మా నాయన సినిమాలో వేన్నీళ్లు

ఆ రోజుల్లో మా హిందూపురంలో పండగ వచ్చిందంటే ఏ ఇంటివాళ్లకు వాళ్లు సినిమాకు బయల్దేరేవాళ్లు. ఉగాదికి ఒకటి, దీపావళికి ఒకటి. మా ఇంటికి మాత్రం క్రిస్మస్ సినిమా ఒకటి ఎక్కువ. మేమేమీ క్రైస్తవులం కాము. మా నాయన ధర్మవరంలో పట్టుచీరలు నేసిన మనిషి. మోకాళ్లు పట్టేసి మగ్గం గుంతలో కూర్చోలేక హిందూపురం వచ్చి, ఊరి చివర ఉన్న ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో గేటు కాసే పనిలో చేరాడు. ఆ ఆసుపత్రి నడిపే తెల్ల డాక్టరమ్మ దగ్గర, ఆమెతో పాటు ఓడలో వచ్చిన సినిమా మిషను ఒకటి, ఏసుప్రభువు పుట్టుక మీద తీసిన మూగ సినిమా ఒకటి ఉండేవి. ఏటా అదే సినిమా. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, ఒకే సినిమాను పదేళ్లు వరసగా చూసి, పదకొండో ఏడు కూడా ముందు వరసలో చోటు కోసం పొద్దున్నే వెళ్లి కూర్చున్న కుటుంబం మాది.

ఆట మధ్యాహ్నం. రోగులు కూర్చునే హాల్లో బెంచీలన్నీ బయట పడేసి, కిటికీలకూ తలుపుకూ రొద్దం వైపు నుంచి తెప్పించిన కంబళ్లు కట్టి చీకటి చేసేవాళ్లు. మూడు వందల మంది ఊపిరికి ఆ కంబళ్లు వెచ్చబడి గొర్రె వాసన కొట్టేవి. (ఇప్పటికీ ఎక్కడన్నా గొర్రెల మంద ఎదురైతే నాకు క్రిస్మస్ గుర్తొస్తుంది. ఈ మాట ఎవరితోనూ అనను.) బొమ్మకూ బొమ్మకూ మధ్య ఇంగ్లీషులో ఏవో అక్షరాలు పడేవి. అవి చదవగలిగింది డాక్టరమ్మ ఒక్కతే, ఆమెకేమో తెలుగు రాదు. (వచ్చిన తెలుగు రెండు ముక్కలు: 'నొప్పి యాడ?', 'మందు తాగు'. ప్రభువు కథ చెప్పడానికి ఆ రెండూ చాలవు.) అందుకని మొదటి ఏడే మా నాయన గేటు దగ్గరి వెదురుకర్ర పట్టుకొచ్చి తెర పక్కన నిలబడి, బొమ్మ చూసి తనకు తోచిన కథ చెప్పడం మొదలుపెట్టాడు. ఆయనకు ఇంగ్లీషు కాదు కదా, తెలుగులో సంతకం కూడా కష్టమే.

కానీ ఏం చెప్పేవాడని. జోసేపన్న గోరంట్ల బస్సు తప్పిపోయి, గత్యంతరం లేక గాడిదను తోలుకుని బయల్దేరాడు. ఆ గాడిద దారి పొడుగునా సణిగేది. "ఏమప్పా జోసేపన్నా, ఇంగ యాడికి పోతాండావు? నా కాళ్లు నొస్తాండాయి, ఆ యమ్మను ఎక్కించుకున్నానని ఊరుకుంటాండా గానీ, నువ్వెక్కింటే ఈడనే కూలబడుందును" అని నాయన గాడిద గొంతుతో అంటే పిల్లలం పడీ పడీ నవ్వేవాళ్లం. చుక్క పెనుకొండ కోట మీద లేచేది. ముగ్గురు రాజులు ఆ కోటలోంచే దిగి వచ్చేవాళ్లు, ముగ్గురిలో ఒకాయన పెట్టె మూత తీస్తే లోపల ధర్మవరం పట్టుచీర ఉండేది. "నాలుగు వేళ్ల వెడల్పు జరీ అంచు. బాలింతకు ఇయ్యాల్సింది అదే కదా" అనేవాడు. ఆ పెట్టెలో ఏముందో ఆ మసక బొమ్మలో ఎవరికీ కనపడేది కాదు. అయినా మా అందరికీ అంచు రంగుతో సహా కనపడేది.

ఈ సినిమా కోసమని మా మేనత్త ధర్మవరం నుంచి ప్రతి ఏడూ పొద్దున రైలుకు వచ్చేది. ఆమె నాయనకు చెల్లెలు, పిల్లలు నిలవలేదు. ముందు వరసలో సరిగ్గా తెరకెదురుగా కూర్చునేది. సత్రం దగ్గర, నెలలు నిండిన మనిషిని బయట నిలబెట్టి సత్రమాయన తలుపు మూసేస్తే, ప్రతి ఏడూ కళ్లనీళ్లు పెట్టుకునేది. 'ఈసారన్నా తీస్తాడేమో అనుకున్నా' అనేది. తలుపు మూసిన తర్వాత తెర మీద ఒక ఆడమనిషి కుండ చంకన పెట్టుకుని ఇటు నుంచి అటు వెళ్లిపోతుంది, రెప్పపాటు సేపు. నాయన ఠక్కున కర్రతో ఆమెను చూపించేవాడు. "అదో చూడండి. సత్రమాయన పెండ్లాము. మొగునికి తెలీకుండా వేన్నీళ్లు కాగబెట్టి కొట్టంలోకి తీసుకపోతాండాది." మా అత్త చెంగుతో ముఖం తుడుచుకుని, "ఆ యమ్మ సల్లగుండల్ల" అనేది. ఇక సాయంత్రం రైలెక్కేదాకా నవ్వుతూనే ఉండేది.

నేను అనంతపురంలో కాలేజీలో చేరిన ఏడు వచ్చింది అసలు ముప్పు. ఆర్నెల్లు ఇంగ్లీషు పాఠాలు విన్నాను, క్రాపు పెంచాను, ఇంటికొచ్చి మా అమ్మతో కూడా ఆచితూచి మాట్లాడాను. ఆ డిసెంబరులో హాల్లో కూర్చుని, తెర మీద పడ్డ ఇంగ్లీషు అక్షరాలను మొదటిసారి చదవగలిగాను. మా నాయన చెప్పేదానికీ అక్కడ రాసి ఉన్నదానికీ ఏమీ సంబంధం లేదు. బస్సు లేదు, పెనుకొండ లేదు, పట్టుచీర లేదు. పదకొండేళ్లుగా ఊరందరినీ మోసం చేస్తున్నాడు మా నాయన అనుకున్నాను. (అప్పటికి నాకు పద్దెనిమిదేళ్లు. ఆ వయసులో ఇంతకన్నా పెద్ద నేరం ఏముంటుంది?) సత్రం వచ్చింది, తలుపు మూశారు, నాయన కర్ర ఎత్తి కుండ పట్టుకున్నామెను చూపించాడు. నేను లేచి నిలబడి, మూడు వందల మందికీ వినపడేట్టు, "నాయనా, అట్ల లేదు ఆడ" అన్నాను.

తలలన్నీ నావైపు తిరిగాయి. "ఆ యమ్మ ఎవరో దావన పొయ్యే మనిషి. వేన్నీళ్ల సంగతి యాడా రాయలేదు" అన్నాను. నాయన నావైపు చూశాడు. కోపగించుకుని ఉంటే బాగుండేది. నాకు చదువొచ్చిందన్న సంతోషమే ఆ ముఖంలో ఇంకా ఉంది. "అట్లనా అప్పా? అయితే నువ్వే చెప్పు" అని కర్ర నా చేతికిచ్చి, వెళ్లి మా అత్త పక్కన కూర్చున్నాడు. డాక్టరమ్మకు ఏం జరిగిందో తెలియలేదు గానీ, గేటు మనిషి కొడుకు ఇంగ్లీషు చదువుతున్నాడని మురిసిపోయి చప్పట్లు కొట్టింది. నాకు ఇంకేం కావాలి.

చెప్పాను. "మరియు ఆ దినములయందు ఆ ప్రాంతమున గొర్రెల కాపరులు పొలములో నుండిరి" అని ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. వెనక నుంచి ఒకాయన, "ఏమబ్బా, ఏం చెప్తాండాడు?" అని అడిగాడు. పక్కాయన, "సదువుకున్నోడు లేప్పా, మనకు తెలీదు" అన్నాడు. ఒక పిల్లవాడు లేచి, "గాడిద ఏమంటాండాది?" అన్నాడు. "గాడిదలు మాట్లాడవు" అన్నాను. వాడు ఏడుపు అందుకున్నాడు. ఒక్కొక్కరే కంబళి తొలగించుకుని బయటికి వెళ్లడం మొదలుపెట్టారు, తొలగించినప్పుడల్లా వెలుతురు పడి రాజుల ముఖాలు వెలిసిపోయాయి. ఆట అయ్యేసరికి హాల్లో మిగిలింది డాక్టరమ్మ, నిద్రపోతున్న నలుగురు, నాయన, అత్త. అత్త నన్ను ఒకే ఒక మాట అడిగింది. "అయితే ఆ యమ్మకు ఎవురూ వేన్నీళ్లు ఇయ్యలేదా అప్పా?" "లేదత్తా" అన్నాను. ఆమె తల ఊపి, తిన్నగా స్టేషనుకు వెళ్లిపోయింది.

మరుసటి ఏడు డాక్టరమ్మ నాయనను సైగలతో ఎంత బతిమాలినా కర్ర పట్టలేదు. "తప్పులు చెప్తానమ్మా, నాకు సదువు లేదు" అన్నాడు. అత్తకు కబురు పంపితే, వేన్నీళ్లు కూడా ఇయ్యని ఊరికి నేనెందుకు వచ్చేది అందట. నవ్వొచ్చే మాటే గానీ, మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు. ఆ వేసవిలో డాక్టరమ్మ తన దేశం వెళ్లిపోయింది, మిషనూ సినిమా ఆమెతోనే వెళ్లిపోయాయి. ఆ తర్వాత నాయన ఇరవై ఏళ్లకు పైగా బతికాడు. బుద్ధి వచ్చాక ఒకసారి, "నాయనా, ఆ గాడిద కథ చెప్పు" అని అడిగాను. "మర్సిపోయినానప్పా" అన్నాడు. మర్చిపోలేదని నాకు తెలుసు. అసలు ఆ వేన్నీళ్ల మాట ఎందుకు పుట్టించావని అడిగితే మాత్రం జవాబు చెప్పాడు. "మీ అత్త ముందర కూచోనుంటాది కదా. యేటా ఆ తలుపు మూసేది చూసి ఏడుస్తాంటే నేనెట్ల సూస్తా నిలబడేది?" ఇంగ్లీషు చదవడం ఆర్నెల్లలో వచ్చింది నాకు. ఈ మాట అర్థం కావడానికి ఏళ్లు పట్టింది. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది, ఆ రోజు నా నోరు మూయడానికి ఒక్కరన్నా లేకపోయారే అనిపిస్తుంది.

మొన్న క్రిస్మస్ సెలవులకు మా మనవరాలు వచ్చింది, తొమ్మిదేళ్ల పిల్ల. టీవీలో అదే కథ, రంగుల్లో, బొమ్మల సినిమాగా వస్తూ ఉంది. నాకేం బుద్ధి పుట్టిందో, రిమోటు తీసుకుని శబ్దం ఆపేసి, గాడిద గొంతు పెట్టి, "ఏమప్పా జోసేపన్నా, ఇంగ యాడికి పోతాండావు" అన్నాను. పిల్ల నావైపు వింతగా చూసి, "తాతా, అట్ల లేదు అక్కడ. కింద రాసుంది చూడు" అంది. నాకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ తిరిగాయి. "అట్లనా అమ్మా? అయితే నువ్వే చెప్పు" అని రిమోటు ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి, మళ్లీ నా ఒళ్లో పడేసింది. "వద్దులే తాతా, నువ్వే చెప్పు. గాడిద తర్వాత ఏమంది?" అంది.

ఆ రోజు హాల్లో నేను అనాల్సిన మాట అంతే.

గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. సత్రం వచ్చింది, తలుపు మూశారు. ఈ సినిమాలో కుండ పట్టుకున్న ఆడమనిషి లేదు, ఎంత వెతికినా కనపడలేదు. అయినా టీవీ దగ్గరికి వెళ్లి బొమ్మలోని సత్రం గోడను వేలితో చూపించి, "అదో చూడమ్మా, ఆ గోడెనక వేన్నీళ్లు కాగుతాండాయి" అన్నాను.