టీచరమ్మగారి కోట

మా రేపల్లె గుడిలో సండేస్కూలు టీచరమ్మగారికి తెనాలి దాటితే దేశాంతరమే. అయినా ఎవరో దొరసాని ఇచ్చిన జర్మనీ క్యాలెండరులోని కోట కథ మాకు తరచూ చెప్పేవారు. నిప్పంటుకుని కాలిపోయిందనీ, యుద్ధంలో కూలిపోయిందనీ చెప్పి, ప్రతిసారీ చేతులకంటిన సుద్దపొడి దులుపుకుని, "మళ్ళీ కట్టుకున్నారు" అనేవారు.

ఒక ఏడు తుపానుకి మా గుడి పైకప్పు లేచిపోయింది. పాస్టరు అయ్యగారు మెట్లమీద తల పట్టుకుని కూర్చున్నారు. టీచరమ్మగారు కొంగు నడుముకి దోపి, పగలని పెంకులు ఏరుతూ, "ఏంటండి అయ్యగారూ, ఆ కోటకన్నా పెద్దదా మన గుడి?" అన్నారు.

మర్నాడు కప్పులేని గుడిలో, ఎండలోనే మమ్మల్ని కూర్చోబెట్టి కోట కథ ఎత్తుకున్నారు. కాలిపోయింది, కూలిపోయింది అన్నాక ఆగి మావైపు చూశారు. మాకంటే ముందే, చేతులకంటిన పెంకుల మట్టి దులుపుకుంటూ, వెనకనుంచి అయ్యగారు అందుకున్నారు: "మళ్ళీ కట్టుకున్నారు."