అమ్మ మందుకిచ్చిన సెలవులు

మిరప కోతల రోజుల్లో మా ఊళ్ళో దగ్గని మనిషి ఉండడు. కళ్ళంలో కాయలు ఆరబోసింది మొదలు టిక్కీ బస్తాల్లో తొక్కి మూతి కుట్టేదాకా ఆ ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గుతాం. అందుకే అమ్మ దగ్గును ఎవరమూ పట్టించుకోలేదు. కాయలు గుంటూరు మిర్చి యార్డుకు వెళ్ళిపోయాయి, ఎండలు ముదిరాయి, అమ్మ మాత్రం దగ్గుతూనే ఉంది. గుంటూరులో పెద్దాసుపత్రికి తీసుకెళ్తే స్కానింగు చేసి ఊపిరితిత్తిలో గడ్డ ఉందన్నారు. చుట్ట సంగతి దేవుడెరుగు, వక్కపొడి కూడా నోట్లో వేసుకోని మనిషికి ఇదేమిటని నాకు ముందు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

గడ్డలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరేనని తేలింది. కణానికి పెరగమని చెప్పే ఒక జన్యువు దారి తప్పిందట. దానికి సరిగ్గా సరిపోయే మాత్ర ఉందని, ప్రస్తుతానికి కీమో అక్కర్లేదని డాక్టరమ్మ చెప్పింది. నేను అద్దంకిలో హైస్కూలు పిల్లలకు సైన్సు చెబుతాను. జన్యువంటే నాకు ఇన్నేళ్ళూ బఠాణీ మొక్కల పాఠం. అమ్మ ఏ బిళ్ళ మింగాలో అది తేలుస్తుందని ఎన్నడూ అనుకోలేదు. ఆ రోజు డాక్టరమ్మను ప్రశ్నలతో వేపుకు తిన్నాను. బయట క్యూలో ఉన్నవాళ్ళు నన్ను తిట్టుకునే ఉంటారు.

బస్సులో అమ్మ అడిగింది. “ఒంట్లో ఇన్ని కణాలుంటయ్యి గదా, ఆ బిళ్ళకి ఏది చెడ్డదో ఎట్టా తెలుసుద్దే?”

“చెడిపోయిన స్విచ్చి దేనికుందో దాన్నే పట్టుకుంటదమ్మా.”

“తప్పించుకునేవి ఉండవా?”

నేను ఏదో చెప్పి దాటేశాను. నిజానికి నాకూ తెలియదు.

మాత్ర పనిచేసింది. దగ్గు తగ్గింది, తిండి సయించింది, అమ్మ మళ్ళీ చేనికి వెళ్ళి కూలీల మీద కేకలేసింది. ఒక ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచి, దేవుడికి స్తోత్రం చెప్పి, ఆ వెంటనే ఆ బిళ్ళ కనిపెట్టిన వాళ్ళకు కూడా వందనాలు చెప్పింది. పాస్టరుగారు కాస్త తడబడి ఆమెన్ అన్నారు.

తరువాతి ఏడు పత్తి తీతల నాటికి దగ్గు తిరిగొచ్చింది. స్కానింగులో గడ్డ మళ్ళీ పెరిగింది. డాక్టరమ్మ ఫిల్ము చూస్తూ, “మాత్రలు అయిపోవచ్చాయి కదమ్మా?” అని మామూలుగా అడిగింది.

“ఎక్కడండీ, ఇంకా ఇంటో బోలెడున్నయ్యి.”

ఇద్దరమూ అమ్మ వైపు చూశాం. ఆమె ఏ తప్పూ చేయని మనిషిలా కూర్చుని ఉంది.

“రోజూ ఒకటే మందు కొడితే పురుగు అలవాటు పడదా అండీ? నల్లతామర పురుగు వచ్చినప్పుడు ఒకే మందు పదేపదే కొట్టినోళ్ళ చేలన్నీ పోయినయ్యి. మేం మార్చి మార్చి కొట్టి, మధ్యలో ఆపి, కాస్త దక్కించుకున్నాం. ఇదీ అంతేగదాని మధ్య మధ్యలో సెలవిచ్చా.”

“నీకేమన్నా మతి ఉందా? నువ్వేమన్నా మిరప తోటవా?” అని అక్కడే అరిచాను.

డాక్టరమ్మ నన్ను ఊరుకోమంది. ఆమెకు కోపం రాకపోగా, కుర్చీ ముందుకు జరుపుకుంది. “మీరనుకున్నది పూర్తిగా వెర్రి ఆలోచన కాదమ్మా. మందు ఆపి ఆపి ఇస్తే ఏమవుతుందని పరిశోధించేవాళ్ళు ఉన్నారు. కానీ వాళ్ళు గడ్డను కొలుచుకుంటూ ఆపుతారు. మీరు ఊహించి ఆపారు. ఈ మాత్రను అలా ఆపకూడదు.”

“అయితే నావల్లే పెరిగిందా?”

అమ్మ గొంతు తగ్గడం నేను అప్పుడే విన్నాను.

“చెప్పలేను. ఒక్కరోజు కూడా మానకుండా వేసుకున్నవాళ్ళకీ తిరగబడుతుంది. కోట్ల కణాల్లో ఏ కొన్నింటికో మందు తగలదు. మిగతావి చచ్చాక చోటంతా వాటిదే. మీ సెలవులు ఎంత చేశాయో, అది తనంతట తాను ఎంత చేసిందో విడదీసే పరీక్ష నా దగ్గర లేదు.”

అంత తెలిసిన మనిషి తెలియదని చెప్పడం నాకు వింతగా అనిపించింది. మనసులో మాట చెప్పాలంటే, ఆమె ఒక చిన్న అబద్ధం చెప్పి అమ్మను తేలికపరిస్తే బాగుండుననిపించింది.

ఇక మిగిలిన ఆశ ఒక రక్తపరీక్ష. గడ్డ నుంచి రాలిన జన్యువుల తునకలు రక్తంలో తిరుగుతుంటాయట. మాత్రను తప్పించుకోవడానికి అది వేసే ఎత్తుల్లో బాగా తెలిసినదొకటి ఆ తునకల్లో కనిపిస్తే, దానికి వేరే మాత్ర ఉంది. కనిపించకపోతే మళ్ళీ గుచ్చి ముక్క తీయాలి, బహుశా కీమో మొదలుపెట్టాలి. ఫలితం వచ్చేదాకా నేను పాఠం మధ్యలో ఆగిపోయి పిల్లల చేత నవ్వించుకున్నాను. అమ్మ మాత్రం పాత బిళ్ళ రోజూ నా కళ్ళెదురుగానే మింగి, చిన్నపిల్లలా నోరు తెరిచి చూపించేది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చేవి.

ఆ ఎత్తే కనిపించింది. ఒంట్లో క్యాన్సరు కొత్తగా మారిందని తెలిసి సంబరపడి, ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని జిలేబీ తిన్నది మేమే అయి ఉంటాం.

అంతకుముందు లోపల, కొత్త మాత్ర రాస్తున్న డాక్టరమ్మను అమ్మ అడిగింది. “దీన్ని కూడా తప్పించుకుంటదా అండీ?”

“ఏదో ఒక రోజు తప్పించుకుంటుందమ్మా. ఎప్పుడని చెప్పలేను. ఎలా తప్పించుకుంటుందో తెలుసుకోడానికే ఇక్కడ కొందరి రక్తం దాచి పరిశోధిస్తున్నాం. మీకిష్టమైతేనే, ఇంకో గొట్టం రక్తం తీసుకుంటాం. దానివల్ల మీకు ఒరిగేది మాత్రం ఏమీ ఉండకపోవచ్చు.”

వద్దని చెబుదామని నేను నోరు తెరిచాను. అమ్మ చేతిమీద సూది గుచ్చని చోటు లేదు.

అమ్మ అప్పటికే చీర కొంగు తీసి చెయ్యి చాపింది. “తీసుకోండమ్మా. సంగతి తేలినప్పుడు నేనుంటే నాకు చెప్పండి. లేకపోతే మా అమ్మాయికి చెప్పండి. నేనడిగితే బస్సులో దాటేసింది, దానికీ తెలవదు.”