వెనక తలుపుకు వేసిన గొలుసు

చొక్కాలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో సెక్యూరిటీ ఆఫీసరును అందరూ డేగ అనేవారు. అతను గేటు దగ్గర కూర్చుంటే చీమ కూడా పాసు చూపించి లోపలికి వెళ్లేదట. చూశామని ఒట్టేసి చెప్పేవాళ్లు ఇప్పటికీ నలుగురున్నారు.

ఆరు రోజుల శిక్షణ అయ్యాక అతని చేతికి ఒక పట్టిక వచ్చింది. ఏ ప్రమాదం ఎంత పెద్దది, దానికి ఏం చేశారు అన్నది రాసి గడికి రంగు వేయాలి: ముప్పు ఉంటే ఎరుపు, తీరితే ఆకుపచ్చ. ఎర్రగడి కనబడితే మేనేజరుకు ముద్ద దిగదు. కుట్టు హాలు వెనక తలుపు గుండా చొక్కాలు మాయమవుతున్నాయని డేగ దానికి లోపలినుంచి గొలుసు వేయించాడు. దొంగతనం ఆగింది, గడి పచ్చబడింది. "దీనివల్ల కొత్త ప్రమాదం?" అన్న చివరి గడిలో అందరిలాగే తనూ "లేదు" అని రాశాడు.

ఏడాది తర్వాత అతని భార్య అదే హాలులో పనికి చేరింది. ఆమెకు అన్నం డబ్బా ఇవ్వబోతూ డేగ ముందు తలుపు పక్కనున్న కరెంటు బోర్డుకు చెయ్యి ఆనించాడు. చురుక్కుమంది, పెనంలా కాలిపోతోంది. బోర్డు కిందే బట్టల మూటలు. అవి అంటుకుంటే అరవై మందికి మిగిలేది వెనక తలుపే.

"గొలుసు తీయిద్దాం సార్," అన్నాడు మేనేజరుతో.

"ఎల్లుండి తనిఖీ. పచ్చగడిని ఎర్రగా చేస్తావా? సంతకం నీదేనయ్యా."

"పోనీ బోర్డైనా..."

"తనిఖీ కానీ, చూద్దాం."

ఇంటికెళ్లి భార్యకు అంతా చెప్పి, రేపు సెలవు పెట్టమన్నాడు.

"నేనొక్కదాన్నీ ఇంట్లో కూర్చుంటే మిగతావాళ్లు ఏమైపోతారు?" అందామె. "చీమను ఆపిన మొనగాడివి, గొలుసు తెంచలేవా?"

ఉద్యోగం పోతే పోయిందనుకుని, మర్నాడు పని మొదలవకముందే డేగ గొలుసు కోసేశాడు. తలుపు తోశాడు. కదల్లేదు. భుజం ఆనించి తోసినా కదల్లేదు. హాలు చుట్టూ తిరిగి బయట వెనకవైపుకు పరుగెత్తాడు.

తలుపు కనబడనంత ఎత్తున పీపాలు పేర్చి ఉన్నాయి. మరకలు తుడిచే స్పిరిట్ వాసన ముక్కు పగలగొడుతోంది.

"ఇవి ఇక్కడెవడు పెట్టాడ్రా?"

"మేమే అన్నా," అన్నాడు స్టోరు గుమస్తా తాపీగా. "ఈ తలుపు శాశ్వతంగా మూసేశామని నీ పట్టికలోనే ఉందిగా. ఎండ పడని చోటు కదా అని."

లోపల గంట మోగింది. అరవై మిషన్లు ఒక్కసారిగా అందుకున్నాయి, గోడ సన్నగా అదిరింది. డేగ ముందున్న పీపాను కౌగిలించుకుని లాగాడు. జానెడు కదిలింది. దాని వెనక ఇంకో వరుస కనిపించింది.