దీపం చుట్టూ పదకొండు గొంతులు: ఖరగ్‌పూర్‌లో ఒక పగలు

సాఫ్ట్‌వేర్ అందరిదీ కావాలన్న కరపత్రాలు చదివి నమ్మినవాణ్ణి. ఆ నమ్మకంతోనే, లైసెన్సు కొనక్కర్లేని ఒక సంగీత సాఫ్ట్‌వేర్‌లో చుట్టూ వినిపించే ధ్వనిని కట్టడం సొంతంగా నేర్చుకున్నాను. ఆ విద్యకు పని కల్పించింది ఖరగ్‌పూర్‌లో ఉండే మా బావ రమణ. అక్కడి తెలుగువాళ్ల భజన బృందం ఏటా దీపం చుట్టూ తిరుగుతూ రోజంతా ఆపకుండా ఏకాహం చేస్తుంది. రిటైరైనవాళ్లలో చాలామంది ఊళ్లకు వెళ్లిపోగా ఆరుగురే మిగిలారు. పాత బృందంలో పదకొండు మంది గొంతుల్ని ఫోన్లో రికార్డు చేయించి, ఒక్కోదానికి వలయంలో ఒక చోటిచ్చి, నాలుగు స్పీకర్లలో తిప్పాలన్నది మా ఆలోచన. ఆ పదకొండు మందిలో ఒకడైన, అందరికన్నా ముందు పాడే సింహాచలం తాత విని సరే అనకపోతే ఈ ఏడు ఏకాహం లేదని కమిటీ తేల్చేసింది.

విజయనగరంలో సాయంత్రం రైలెక్కితే తెల్లారి ఏడింటికి దిగాను. స్లీపర్ టికెట్ నాలుగు వందల పైచిలుకు. స్టేషన్ బయట టోటో అనే బ్యాటరీ రిక్షా నడిపే తెలుగువాడు న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీకి యాభై అడిగాడు. సంచుల్లోంచి తొంగిచూస్తున్న స్పీకర్లను ఎగాదిగా చూశాడు.

"పెళ్లెక్కడ దాదా?"

"పెళ్లి కాదు, భజన."

"భజనకి నాలుగు బాక్సులా! దేవుడికి సెవుడొచ్చిందేటి?"

తొమ్మిదింటికల్లా గుడి పక్క హాల్లో నాలుగు మూలలా స్పీకర్లు పెట్టాం. తాత చేతికర్రతో వచ్చి నడుమ కుర్చీలో కూర్చున్నాడు. రైల్వే వర్క్‌షాప్‌లో బాయిలర్ల దగ్గర పనిచేసి రిటైరైన మనిషి, ఇప్పుడు మోకాళ్లు వంగవు. ఒక చరణం కూడా పూర్తికాకుండానే కర్ర ఎత్తాడు.

"ఆపు. ఎవుల్ని సంపినావు బాబూ? సవం సుట్టూ తిరిగినట్టు తిప్పేసినావు. దీపాన్ని కుడిసేతి పక్కనెట్టి తిరగాల."

తప్పు నాదే. నేను చదివిన పుస్తకంలో కోణం గడియారం ముల్లుకి ఎదురుగా పెరుగుతుంది, ఈ సాఫ్ట్‌వేర్లో ముల్లుతోపాటు పెరుగుతుంది. పుస్తకాన్ని నమ్మి చోట్లు అలాగే ఉంచి, తిరిగే కోణం ముందు మైనస్ గుర్తు పెట్టాను. కానీ ఒప్పుకునే ముందే నోరు లేచింది.

"ఎటు తిరిగితే ఏంటి తాతా? మూఢనమ్మకం కాకపోతే!"

"బావా!" అన్నాడు రమణ.

తాతకి కోపం రాలేదు. "నమ్మకం సంగతి ఉంచు. ముందోడి వీపు సూసి ఎనకోడు పాట అందుకుంతాడు. నువ్వు తిప్పినాక నా ఎనక పాడే అప్పన్న ఎనక్కి నడుస్తన్నాడు. ఆడు ఎవుల్ని సూసి అందుకోవాల?"

మైనస్ తీసేసి మళ్లీ కట్టడానికి పది నిమిషాలు పట్టింది. ఈలోగా రమణ ముఢీ పొట్లాలు తెచ్చాడు, మరమరాల్లో ఆవనూనె కలిపినవి.

రెండోసారి తాత కళ్లు మూసుకున్నాడు. దాటిపోతున్న గొంతుల వెంట కర్ర మెల్లగా కుడివైపు తిరిగింది. "అప్పన్న... ఆడి ఎనక సూరి. సూరిగాడికి అప్పుడూ ఊపిరందేది కాదు." ఇంకో గొంతు ఎదురుగా రాగానే కర్ర దించేశాడు.

"ఇది నాదే కదేటి? నన్ను తీసీ."

"బాగోలేదా తాతా?"

"నా సోటు కాళీగా ఒగ్గీ. కాళ్లు పోనాయి గానీ గొంతు పోనేదు. అప్పన్న ముందరి కాళీ ఎదురుకొచ్చినప్పుడు ఈ కుర్సీలోంచే నేనందుకుంతాను. రమణా, ఏకాహం ఉందని కమిటీకి సెప్పు."

మిగతా పది గొంతుల్ని ఉంచి, ఆయన గొంతు తీసేసి ఫైలు ఇచ్చాను. మధ్యాహ్నం బండికే తిరిగొచ్చేశాను. టెక్నాలజీ అందరిదీ అని కరపత్రాలు చెప్పాయి గానీ, ఆ అందరూ ఎవరి వెనక ఎవరు నడుస్తారో అవి చెప్పలేదు. దిక్కుల మీద నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. తాతకి క్షమాపణ చెప్పలేదు, ఆయన అడగనూ లేదు. వలయంలో ఒక చోటు ఖాళీగా ఉన్న ఆ ఫైలు మాత్రం నేను కట్టినవాటిలో అన్నిటికన్నా సరైనది.

ఇలాంటి పనిమీద వెళ్లేవాళ్లకు ఒక మాట: రైలెక్కక ముందే ఒక్క చప్పట్ల శబ్దాన్ని చుట్టూ తిప్పి, కళ్లు మూసుకున్న మనిషిని అది ఎటు పోతోందో వేలితో చూపించమనండి.